కాంటా చీటీ తెరుచుకోని సాయంత్రాలు: లార్జ్ ఆబ్జెక్టులకు డిఫాల్ట్ అనుమతులు పెట్టిన ఒక కేసు

నేను నల్లగొండలో ఉంటూ చిన్న చిన్న సంస్థలకు డేటాబేస్ పని చూస్తాను. వాటిలో మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కూడా ఉంది. పిలుపు వస్తే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కి వెళ్తాను. మిల్లు పేరు గానీ, వాళ్లకు మొదట సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాళ్ల పేరు గానీ ఇక్కడ చెప్పను. జరిగింది మాత్రం పూర్తిగా చెప్తాను, ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లను లార్జ్ ఆబ్జెక్టులుగా దాచుకునే ఏ చోటైనా ఇదే చిక్కు ఎదురవ్వొచ్చు.

వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్లు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన సన్నాలు కోత మిషన్‌లోంచి నేరుగా ట్రాక్టర్‌లో పడి, ఆరబెట్టకుండానే పచ్చి వడ్లుగా మిల్లుల ముందుకు వస్తాయి. టోకెన్లు ఇచ్చినా వరుస తగ్గదు. లోడు తూకం వేస్తారు, శాంపిల్ తీసి తేమ చూస్తారు, ధర ఖాయం చేస్తారు, వడ్లు దించుతారు, ఖాళీ ట్రాక్టర్ తూకం వేస్తారు. ఇంత అయ్యాక కాంటా చీటీ ప్రింటవుతుంది. దాని మీద రైతు సంతకమో వేలిముద్రో పడ్డాక కాంటా ఆపరేటర్ దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. అకౌంట్స్ గదిలో గుమాస్తా ఆ స్కాన్ తెరిచి, అంకెలు సరిచూసి, రైతు ఖాతాకు డబ్బు పంపుతాడు. స్కాన్ చూడకుండా డబ్బు పంపకూడదని యజమాని గట్టిగా చెప్పాడు. ఆ నియమం నాకు నచ్చింది. కంప్యూటర్‌లో అంకె మారొచ్చు, రైతు చేతి గుర్తు ఉన్న కాగితం మారదు.

కోతలు ఊపందుకున్న వారంలో ఫోన్ వచ్చింది. "అన్నా, ఇయ్యాల పడ్డ చీటీలు ఒక్కటి గూడ ఓపెన్ అయితలేవు. నిన్నటివి మంచిగనే అయితున్నయి."

నేను పోయేసరికి సాయంత్రం నాలుగు దాటింది. కౌంటర్ ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. ముందు నిలబడ్డాయన త్రిపురారం వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. భుజం మీద కండువా, చేతిలో టోకెన్ ముక్క.

"రేపు రమ్మంటె ఎట్ల సారూ? కోత మిషనాయన ఇంటికాడ కూసున్నడు. గంటల లెక్క ఇయ్యాలె ఆయనకు. ట్రాక్టర్ కిరాయి వేరే."

"పెద్దయ్యా, నీ పైసలు యాడికి పోవు. నాకు చీటీ కనపడాలె గదా," అన్నాడు గుమాస్తా. అని, కాంటా గదికి ఫోన్ చేశాడు. నిమిషంలో వాట్సాప్‌లో చీటీ ఫొటో వచ్చింది. అది చూసి డబ్బు పంపాడు. పెద్దమనిషి వెళ్లిపోయాడు.

ఆ ఫోన్‌లో నేనింకోటి చూశాను. చీటీ ఫొటోకు పైన వేరే రైతు బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ ఉంది. ఖాతా నంబరు, ఫొటో, ఊరు, తండ్రి పేరు అన్నీ కనబడుతున్నాయి. దానికి పైన ఇంకొకరిది. అనుమతి సరిగ్గా పెట్టకపోవడం వల్ల, సర్వర్‌లో భద్రంగా ఉండాల్సిన రైతుల పత్రాలు సీజనంతా ఒక గుమాస్తా సొంత ఫోన్‌లో పోగవుతున్నాయి. తప్పు అతనిది కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పంపించాలి, అతనికి ఇంకో దారి లేదు. నాకు మాత్రం డబ్బు ఒక రోజు ఆలస్యమవడం కన్నా ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

గుమాస్తా తెర మీద వచ్చిన ఎర్రర్ ఒక్క లైను: లార్జ్ ఆబ్జెక్ట్ 48213కు అనుమతి లేదు.

లోపల ఏముంది

లార్జ్ ఆబ్జెక్ట్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఫైలును రెండు రకాలుగా దాచొచ్చు. బైట్‌ఏ అనే కాలమ్‌లో నేరుగా పెడితే ఆ ఫైలు టేబుల్ వరుసలో భాగమైపోతుంది. టేబుల్‌కు ఎవరికి అనుమతి ఉంటే వాళ్లకు ఫైలూ కనపడుతుంది. లార్జ్ ఆబ్జెక్ట్ దారి వేరు. ఫైలు 2048 బైట్ల ముక్కలుగా పీజీ లార్జ్ ఆబ్జెక్ట్ అనే సిస్టమ్ టేబుల్‌లోకి వెళ్తుంది, మన టేబుల్‌లో దాని నంబరు మాత్రం ఉంటుంది. ఆ నంబరునే ఓఐడీ అంటారు. బైట్‌ఏకు 1 జీబీ హద్దు ఉంటే, లార్జ్ ఆబ్జెక్ట్ 9.3 వెర్షన్ నుంచి 4 టీబీ దాకా పోతుంది, మధ్యలోంచి కావాల్సిన భాగమే చదువుకోవచ్చు కూడా.

కొన్ని వందల కేబీల చీటీ స్కాన్‌కు ఇదంతా అవసరమా అంటే లేదు. మొదటి రోజు నేనుంటే బైట్‌ఏనే పెట్టించేవాణ్ని. కానీ ఈ సాఫ్ట్‌వేర్ జావాలో రాసింది. జావా ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య పనిచేసే హైబర్నేట్‌లో లాబ్ అని ఒక్క గుర్తు పెడితే చాలు, పోస్ట్‌గ్రెస్‌లో అది లార్జ్ ఆబ్జెక్ట్ అయి కూర్చుంటుంది. రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో చెప్పలేను. నేను చూసేసరికి లక్షల్లో ఆబ్జెక్టులు ఉన్నాయి. కోతల మధ్యలో వాటిని కదిలించే ఆలోచన కూడా చేయకూడదు.

ఇప్పుడు అసలు విషయం. లార్జ్ ఆబ్జెక్టుకు సొంత యజమాని, సొంత అనుమతుల చిట్టా ఉంటాయి. 2010లో వచ్చిన 9.0 వెర్షన్‌కు ముందు అవేమీ లేవు, డేటాబేస్‌లోకి వచ్చినవాళ్లెవరైనా ఏ ఆబ్జెక్టునైనా చదవొచ్చు, మార్చొచ్చు. 9.0 నుంచి పుట్టించిన రోల్ (డేటాబేస్‌లోకి రావడానికి వాడే పేరు) యజమాని అవుతుంది, మిగతావాళ్లకు మొదట్లో ఏ అనుమతీ ఉండదు. ఇవ్వగలిగినవి రెండే: చదవడానికి సెలెక్ట్, రాయడానికి అప్‌డేట్. చెరపడం యజమానికే.

ఇక్కడ స్కాన్‌లు పుట్టించేది కాంటా రోల్, చదివేది గుమాస్తా రోల్. చీటీల టేబుల్ మీద గుమాస్తా రోల్‌కు సెలెక్ట్ ఇచ్చే ఉంది. కొత్త టేబుళ్లకు దానంతటదే అనుమతి వచ్చేలా డిఫాల్ట్ ప్రివిలేజెస్ కూడా ఎవరో ముందే పెట్టారు. అయినా లాభం లేదు. టేబుల్ అనుమతి ఓఐడీ నంబరు చూసేదాకే పనిచేస్తుంది. నంబరు కనపడుతుంది, ఫైలు తెరుచుకోదు. లార్జ్ ఆబ్జెక్టులు ఏ స్కీమాకూ (టేబుళ్లను గుంపుగా పెట్టే విభాగానికి) చెందవు కాబట్టి 'ఈ స్కీమాలోని అన్నిటికీ' అని గ్రాంట్, అంటే అనుమతి, ఇచ్చే దారి కూడా లేదు. 14లో వచ్చిన పీజీ రీడ్ ఆల్ డేటా అనే రోల్ ఇస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది టేబుళ్లు, వ్యూలు, సీక్వెన్సులకు ఉద్దేశించినది. దాన్ని నమ్ముకుని ఇక్కడ పని జరగదు. పైగా ఈ మిల్లు సర్వర్ అప్పటికింకా 13 మీదే ఉంది.

మరి నిన్నటి చీటీలు ఎలా తెరుచుకుంటున్నాయి? రాత్రి 11 గంటలకు ఒక స్క్రిప్ట్ నడుస్తోంది. అన్ని అధికారాలూ ఉన్న సూపర్‌యూజర్‌గా లోపలికి వచ్చి, ఉన్న ఆబ్జెక్టులన్నిటి మీదా ఒక్కొక్కటిగా గుమాస్తా రోల్‌కూ ఆడిటర్ రోల్‌కూ సెలెక్ట్ ఇచ్చి వెళ్తుంది. ఏ రోజు చీటీ ఆ రోజు తెరుచుకోదు, మర్నాడు పొద్దున తెరుచుకుంటుంది. మామూలు రోజుల్లో మర్నాడే డబ్బు పంపేవాళ్లు కాబట్టి ఈ లోపం ఎవరికీ తగల్లేదు. ఈ సీజన్‌లో యజమాని అదే రోజు చెల్లింపు మొదలుపెట్టాడు. దాంతో బయటపడింది. ఆ స్క్రిప్ట్ నిన్న ఇచ్చిన అనుమతినే ఇవాళ మళ్లీ ఇస్తోంది. ప్రతి గ్రాంట్‌కూ మెటాడేటాలో ఆ వరుస కొత్తగా రాయబడుతుంది. అనవసరమైన భారం ఏడాదికేడాది పెరిగిపోయింది.

వద్దన్న రెండు దారులు

ఆ సాయంత్రం మిల్లులో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు ఒక సలహా ఇచ్చాడు. ఎల్‌ఓ కంపాట్ ప్రివిలేజెస్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే అయిపోతుంది కదా అన్నాడు. నిజమే, ఒక్క నిమిషంలో అన్ని చీటీలూ తెరుచుకుంటాయి. ఆ సెట్టింగ్ 9.0కు ముందున్న పద్ధతిని వెనక్కి తెస్తుంది. అంటే చదవడం, రాయడం రెండింటికీ అసలు తనిఖీయే ఉండదు. డేటాబేస్‌లోకి రాగలిగిన ప్రతి రోల్‌కూ ప్రతి రైతు పాస్‌బుక్కూ తెరుచుకుంటుంది, ఎవరైనా చీటీ స్కాన్ మీద వేరే బైట్లు రాయగలరు. పాత అప్లికేషన్లు విరిగిపోకుండా ఉంచిన సెట్టింగ్ అది. తాళం పట్టట్లేదని తలుపే పీకేయడం నా చేత్తో చేయనని చెప్పాను. కుర్రాడు అర్థం చేసుకున్నాడు.

రెండో సలహా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల నుంచి ఫోన్లో వచ్చింది. గుమాస్తా రోల్‌ను కాంటా రోల్‌లో సభ్యుణ్ని చేసేయమన్నారు. అప్పుడు కాంటా యజమానిగా ఉన్నవన్నీ గుమాస్తాకూ సొంతమైనట్టే. కానీ సొంతమైతే చదవడమే కాదు, మార్చొచ్చు, చెరపొచ్చు. తూకం వేసే చెయ్యి, డబ్బు పంపే చెయ్యి వేరుగా ఉండాలని మిల్లుల్లో పెద్దవాళ్లు కంప్యూటర్ రాకముందు నుంచీ పాటిస్తున్నారు. డేటాబేస్‌లో ఆ రెంటినీ ఒకటి చేస్తే ఆ నియమాన్ని మనమే తీసేసినట్టు. గుమాస్తా మంచివాడు, ఆ సంగతి నాకు తెలుసు. రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు.

సీజన్ గడవడానికి వేసిన ట్రిగ్గర్

ఆ రాత్రికి చేసింది ఇది. చీటీల టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ రాశాను. కొత్త వరుస పడగానే అందులోని ఓఐడీ తీసుకుని, ఆ ఆబ్జెక్ట్ మీద గుమాస్తా రోల్‌కు సెలెక్ట్ ఇస్తుంది. గ్రాంట్ కమాండ్‌లో ఓఐడీని వేరియబుల్‌గా ఇవ్వలేం, అంకెనే రాయాలి. అందుకే ఫార్మాట్‌తో కమాండ్ తయారుచేసి ఎగ్జిక్యూట్ చేయించాలి. వరుస పెట్టేది కాంటా రోలే, ఆబ్జెక్ట్ యజమానీ అదే, కాబట్టి ట్రిగ్గర్‌కు ప్రత్యేక అధికారం అక్కర్లేదు. మర్నాడు పొద్దున మొదటి చీటీ పడ్డ నిమిషంలోనే అకౌంట్స్‌లో తెరుచుకుంది.

మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు మళ్లీ ఫోన్. ఈసారి అన్నీ కాదు, అక్కడక్కడా తెరుచుకోవట్లేదు. వెతికితే తేలింది: తూకం మీద రైతుకు అనుమానం వచ్చి రెండోసారి కాంటా వేస్తే, యాప్ కొత్త వరుస పెట్టదు, పాత వరుసలోనే కొత్త స్కాన్ ఓఐడీని మారుస్తుంది. నా ట్రిగ్గర్ కొత్త వరుసలనే చూస్తోంది. సరిగ్గా గొడవ పడ్డ చీటీలే మూసుకుపోయాయి. ఏ రైతుకు అనుమానం ఉందో ఆ రైతునే మళ్లీ నిలబెట్టాం. ట్రిగ్గర్‌కు ఆ కాలమ్ అప్‌డేట్‌ను కూడా జోడించాను. రెండు రోజులకు తేమ మీటర్ ఫొటోలు వేరే టేబుల్‌లో ఉన్నాయని తెలిసింది, దానికీ ఒక ట్రిగ్గర్.

ఇలా ఎన్ని టేబుళ్లుంటే అన్ని ట్రిగ్గర్లు, ఎన్ని దారుల్లో ఓఐడీ మారితే అన్ని షరతులు. ఏదో ఒకటి ఎప్పుడూ తప్పుతుంది. అనుమతి ఆబ్జెక్టుతో పాటే పుట్టాలి, తర్వాత ఎవరో గుర్తుపెట్టుకుని ఇచ్చేదిగా ఉండకూడదు.

18కు మారడం

2025 సెప్టెంబర్ 25న విడుదలైన పోస్ట్‌గ్రెస్ 18లో సరిగ్గా ఇదే వచ్చింది. ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ కమాండ్ ఇప్పుడు లార్జ్ ఆబ్జెక్టులకు కూడా పనిచేస్తుంది. టేబుళ్లకు, సీక్వెన్సులకు, ఫంక్షన్లకు ఎప్పటినుంచో ఉన్న సౌకర్యం ఇది. మిల్లు సర్వర్‌లోని 13కు ఎలాగూ 2025 నవంబరుతో సపోర్ట్ ముగిసింది. కోతలు అయిపోయాక, యాసంగి వడ్లు రాకముందు మారుద్దామని యజమానిని ఒప్పించాను.

అప్‌గ్రేడ్ గురించి ఎక్కువ చెప్పను. ముందు కాపీ మీద చేసి చూశాం. ఒక్కచోట ఆగింది: 18లో కొత్త క్లస్టర్ (సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ ఉండే చోటు) తయారుచేస్తే డేటా చెక్‌సమ్‌లు (డేటా చెడిందేమో పట్టుకునే తనిఖీ అంకెలు) డిఫాల్ట్‌గా ఆన్ అవుతాయి, పాతదాంట్లో అవి లేవు, రెండూ కలవకపోతే పీజీ అప్‌గ్రేడ్ ముందుకు పోదు. కొత్త క్లస్టర్‌ను చెక్‌సమ్‌లు లేకుండా తయారుచేసి దాటించాం.

అయితే దానికి ముందు బ్యాకప్ చూస్తే గుండె ఆగినంత పనైంది. పాతవాళ్లు పెట్టిన రోజువారీ పీజీ డంప్ ఒక స్కీమా పేరు ఇచ్చి నడుస్తోంది. అలా స్కీమా ఇస్తే లార్జ్ ఆబ్జెక్టులు డంప్‌లోకి రావు, ప్రత్యేకంగా అడగాలి. ఏళ్లుగా తీసిన బ్యాకప్‌లలో చీటీల నంబర్లు ఉన్నాయి, చీటీలు లేవు. డిస్క్ పోయుంటే ఒక్క స్కాన్ కూడా తిరిగొచ్చేది కాదు. ఆ రోజే ఆ లైను మార్చి, పూర్తి డంప్ తీసి, వేరే మెషిన్ మీద రీస్టోర్ చేసి, పది చీటీలు తెరిచి చూశాకే మిగతా పని ముట్టుకున్నాను. లార్జ్ ఆబ్జెక్టులు వాడేవాళ్లు ఈ రాత సగంలో ఆపేసైనా సరే, ముందు మీ డంప్ కమాండ్ చూసుకోండి.

ఎవరు పుట్టించారన్నదే మూలం

18 వచ్చాక కమాండ్ ఇచ్చాను: డిఫాల్ట్‌గా లార్జ్ ఆబ్జెక్టుల మీద సెలెక్ట్, గుమాస్తాలు, అకౌంటెంట్లు చదవడానికి పెట్టిన ఖాతా రోల్‌కు. ఎర్రర్ ఏమీ రాలేదు. ట్రిగ్గర్ తీసి, ఒక పరీక్ష చీటీ స్కాన్ చేయించాను. అకౌంట్స్ నుంచి తెరిస్తే మళ్లీ అదే లైను, అనుమతి లేదు.

కారణం వెంటనే తట్టలేదు. పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లో డీడీపీ అనే కమాండ్‌తో డిఫాల్ట్ అనుమతుల పట్టిక చూశాను. నేను పెట్టిన వరుస ఉంది. యజమాని కాలమ్‌లో పోస్ట్‌గ్రెస్ అని ఉంది. అంటే పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్ ఇకమీదట పుట్టించే ఆబ్జెక్టులకే అది వర్తిస్తుంది. ఆ రోల్‌తో చీటీలు ఎవరూ పుట్టించరు. ఆ కమాండ్‌లో ఫర్ రోల్ అని పుట్టించేవాళ్ల పేరు ఇవ్వకపోతే, కమాండ్ ఇచ్చినవాళ్లకే అని అర్థం. ఫర్ రోల్ కాంటా అని చేర్చి మళ్లీ ఇచ్చాను. పరీక్ష చీటీ ఇంకోటి స్కాన్ చేస్తే అకౌంట్స్‌లో వెంటనే తెరుచుకుంది.

ఈ కమాండ్‌లో రెండు పేర్లుంటాయి, పుట్టించేవాళ్లది, చదివేవాళ్లది. అందరి దృష్టీ చదివేవాళ్ల మీదే ఉంటుంది. పని నడిపించేది మాత్రం మొదటి పేరు. తేమ ఫొటోలు ఎక్కించే యాప్ ల్యాబ్ అనే వేరే రోల్‌తో వస్తుంది, దానికి కమాండ్ విడిగా ఇవ్వాల్సి వచ్చింది. అలాగే, కాంటా రోల్‌లో సభ్యుడైన ఒక సూపర్‌వైజర్ తన సొంత లాగిన్‌తో వచ్చి స్కాన్ ఎక్కిస్తే దానికి ఈ డిఫాల్ట్ అంటదు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన డిఫాల్ట్ అనుమతులు వారసత్వంగా రావు, సెట్ రోల్‌తో కాంటాగా మారి పుట్టిస్తేనే వస్తాయి. సొంత లాగిన్‌తో స్కాన్ ఎక్కించడం యాప్‌లోనే ఆపించాను. స్కీమా పేరు కలిపి ఇవ్వబోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, లార్జ్ ఆబ్జెక్టులకు స్కీమా లేదు కదా. ఈ డిఫాల్టులు ఏ డేటాబేస్‌కు ఆ డేటాబేస్‌లోనే ఉంటాయన్నది కూడా మరవకూడదు.

ఇంతవరకూ చేసి ఆపేసుంటే పని అయినట్టే కనపడేది. నా మనసులో మాత్రం ఆ వాట్సాప్‌లో చూసిన పాస్‌బుక్ పేజీ తిరుగుతోంది. పాస్‌బుక్కులు, ఆధార్ కాపీలు ఎక్కించేది కూడా కాంటా గదిలోనే, అదే కాంటా రోల్‌తోనే. కొత్త రైతు వస్తే ఆపరేటరే అన్నీ స్కాన్ చేస్తాడు. టేబుల్ వేరే అయినా, లార్జ్ ఆబ్జెక్టుకు తాను ఏ టేబుల్ తరఫున పుట్టిందో తెలియదు. చీటీ అయినా పాస్‌బుక్ అయినా డేటాబేస్ దృష్టిలో కాంటా పుట్టించిన ఒక ఆబ్జెక్టే. హైదరాబాద్ నుంచి వచ్చే ఆడిటర్‌కు చీటీలు చూపించాలి. డిఫాల్ట్ ఇస్తే, చీటీలతో పాటు ప్రతి రైతు బ్యాంక్ పుస్తకమూ ఆయన చేతిలో పెట్టినట్టే. ఓఐడీ తెలిస్తే చాలు, టేబుల్‌తో పనిలేకుండా ఫైలు చదివేయొచ్చు. టేబుల్ మీద వరుసలవారీగా పెట్టే రో లెవెల్ సెక్యూరిటీ కూడా ఇక్కడ అడ్డం రాదు.

అందుకని రైతు పత్రాలు అనే కొత్త రోల్ ఒకటి చేశాను. దానికి లాగిన్ లేదు. కాంటా రోల్‌కు అందులో సభ్యత్వం ఇచ్చాను, కానీ ఇన్‌హెరిట్ లేకుండా, సెట్ మాత్రం ఉండేలా. అంటే ఆ రోల్ అనుమతులు కాంటాకు వాటంతటవే రావు, కావాలని ఆ రోల్‌గా మారితేనే వస్తాయి. 16 నుంచి సభ్యత్వాన్ని ఇలా విడదీసి ఇవ్వొచ్చు. యాప్ పాస్‌బుక్ స్కాన్ దాచేముందు అదే లావాదేవీలో సెట్ లోకల్ రోల్‌తో రైతు పత్రాలుగా మారుతుంది, ఆబ్జెక్ట్ పుట్టించి, రోల్ రీసెట్ చేసి, ఆ తర్వాతే టేబుల్‌లో వరుస పెడుతుంది. లోకల్ అన్న మాట ముఖ్యం. అది లేకపోతే, ఎక్కడైనా రీసెట్ చేయకుండానే లావాదేవీ కమిట్ అయినప్పుడు కనెక్షన్ పూల్‌లోకి (మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపులోకి) ఆ రోల్ అలాగే తిరిగి వెళ్లి, తర్వాత వచ్చే చీటీ పత్రాల రోల్ కింద పుడుతుంది.

ఇప్పుడు డిఫాల్టులు తేలికయ్యాయి. కాంటా, ల్యాబ్ పుట్టించినవి ఖాతా రోల్‌కూ ఆడిట్ రోల్‌కూ చదవడానికి. రైతు పత్రాలు పుట్టించినవి, బ్యాంక్ వివరాలు సరిచూసే ఒక్క రోల్‌కు చదవడానికి. అప్‌డేట్ ఎవరికీ లేదు. యాప్‌లో ఈ మార్పు చేయించడానికి సాఫ్ట్‌వేర్ వాళ్లతో మూడు సార్లు మాట్లాడాల్సి వచ్చింది, కాస్త గట్టిగానే. చేసిన మార్పు మాత్రం కొన్ని లైన్లే.

పాతవి

డిఫాల్ట్ అనుమతులు రాబోయే ఆబ్జెక్టులకే. ఉన్న లక్షల ఆబ్జెక్టుల మీద రాత్రి స్క్రిప్ట్ ఇచ్చిన పాత అనుమతులు అలాగే ఉన్నాయి, పాస్‌బుక్కుల మీద ఆడిటర్‌కు ఇచ్చినవి సహా. రైతు పత్రాల టేబుల్‌లోని ఓఐడీలు తీసుకుని, ఒక్కొక్క ఆబ్జెక్ట్ యజమానిని కొత్త రోల్‌కు మార్చి, ఆడిటర్, గుమాస్తా, ఖాతా రోల్‌లకు ఉన్న సెలెక్ట్‌ను వెనక్కి తీసుకుని, సరిచూసే రోల్‌కు ఇచ్చాను. వెయ్యేసి చొప్పున, ప్రతి విడతకూ కమిట్ చేస్తూ. ఒకేసారి అన్నీ చేస్తే మధ్యలో కరెంటు పోతే చేసిందంతా పోతుంది. మిర్యాలగూడలో అయినా ఎక్కడైనా అది ఆలోచించాల్సిందే.

ఇక్కడ ఒక ప్రమాదం తృటిలో తప్పింది. ఏ వరుసలోనూ లేని అనాథ ఆబ్జెక్టులు చాలా ఉన్నాయి, ముఖ్యంగా రెండోసారి కాంటా వేసినప్పుడు వదిలేసిన పాత స్కాన్‌లు. వాటిని ఊడ్చడానికి పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే వాక్యూమ్ ఎల్‌ఓ అనే పనిముట్టు ఉంది. నడిపేముందు దాని పద్ధతి గుర్తుచేసుకున్నాను: అది ఓఐడీ రకం కాలమ్‌లలో, ఎల్‌ఓ రకం కాలమ్‌లలో మాత్రమే వెతుకుతుంది. తేమ ఫొటోల టేబుల్‌లో ఆ నంబరును బిగ్ ఇంట్ అనే మామూలు అంకెల కాలమ్‌లో పెట్టారు. నడిపి ఉంటే, ఆ ఫొటోలన్నీ ఎవరికీ చెందనివని అనుకుని చెరిపేసేది. ఆ కాలమ్ రకం మార్చి, ముందు చెరపకుండా లెక్క మాత్రం చూపించమని నడిపి, ఆ లెక్క మా లెక్కతో సరిపోయాకే వదిలాను. అది కూడా రెండోసారి తూకం వేసిన పాత స్కాన్‌లన్నీ వేరే డిస్క్ మీదికి తీసి పెట్టాకే. గొడవ పడ్డ తూకానికి మొదటి చీటీ కూడా సాక్ష్యమే.

సరిచూసిన తీరు

18లో హ్యాజ్ లార్జ్ ఆబ్జెక్ట్ ప్రివిలేజ్ అనే ఫంక్షన్ కూడా వచ్చింది. రోల్ పేరు, ఓఐడీ, కావాల్సిన అనుమతి ఇస్తే ఉందో లేదో చెప్తుంది. దాన్ని అన్ని రోల్‌ల మీదా, ప్రతి రకం నుంచి కొన్ని ఆబ్జెక్టుల మీదా నడిపాను. అంతటితో ఆగకుండా మనుషుల చేత కూడా చేయించాను. కాంటా ఆపరేటర్ చీటీ స్కాన్ చేశాడు, గుమాస్తా తెరిచాడు. పాస్‌బుక్ స్కాన్ చేశాడు, గుమాస్తా రోల్‌తో తెరవబోతే రాలేదు, సరిచూసే రోల్‌తో వచ్చింది. ఖాతా రోల్‌గా మారి చీటీ మీద ఒక బైట్ రాయబోయాను, ఆపింది. రాకూడనివి రాకపోవడాన్ని కూడా పరీక్షించాలి, చాలామంది వదిలేసేది ఇదే.

కొన్నాళ్లకు పాత ఆడిటర్ పని మానేశారు. ఆయన లాగిన్ రోల్ తీసేయబోతే, ఆధారపడ్డ వస్తువులున్నాయని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు. రాత్రి స్క్రిప్ట్ ఆ రోల్‌కు నేరుగా ఇచ్చిన గ్రాంట్లు మిగిలి ఉన్నాయి. డ్రాప్ ఓన్డ్‌తో వాటిని తుడిచాక రోల్ పోయింది. ఆయన సొంత ఆబ్జెక్టులు ఏవీ లేవని చూసుకున్నాకే ఆ కమాండ్ ఇచ్చాను, ఎందుకంటే ఉంటే అవీ పోతాయి. అప్పటినుంచి మనుషుల పేరుతో ఉన్న రోల్‌లకు నేరుగా ఏమీ ఇవ్వట్లేదు, ఆడిట్ రోల్‌కే ఇచ్చి మనుషుల్ని అందులో సభ్యులుగా పెడుతున్నాం.

యాసంగి కోతలకు ఒక సాయంత్రం మళ్లీ అక్కడే కూర్చున్నాను. ట్రాక్టర్ ఇంకా కాంటా దిగుతూ ఉండగానే గుమాస్తా తెర మీద చీటీ వచ్చింది. అతను ఫోన్ టేబుల్ మీదే వదిలేసి సంతకం పెద్దది చేసి చూశాడు, తూకం కలిపాడు, డబ్బు పంపాడు. వాట్సాప్‌లోని పాత ఫొటోలన్నీ నా ఎదుటే చెరిపాడు, కాంటా గదిలోని ఫోన్‌లోవి కూడా. సర్వర్ లాగ్‌లో ఆ వారం లార్జ్ ఆబ్జెక్ట్ ఎర్రర్లు రెండే ఉన్నాయి, రెండూ ఆడిట్ రోల్ నుంచి పాస్‌బుక్ తెరవబోయినవి. కొత్త ఆడిటర్‌కు ఫోన్ చేసి అడిగితే, లింక్ కనపడితే నొక్కానన్నారు. ఆ లింక్ ఆయన తెర మీద కనపడకుండా చేయమని సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను. మిల్లు రెండో యూనిట్‌లో ఇంకా పాత 13, పాత స్క్రిప్టే నడుస్తున్నాయి. వానాకాలం వడ్లు రాకముందు దాన్ని మార్చాలి.